నూట యాభై బొమ్మల్లో నా చెయ్యి

నా పేరు బాలశౌరి. మాది వెల్దుర్తి దగ్గర ఊరు. ఐదో తరగతి సగంలో బడి మానేసి ఎద్దుల వెంట పడ్డాను. ఇప్పుడు నలభై తొమ్మిదేళ్లు. మిర్చి రోజుల్లో మూటలు మోసే కూలికి పోతాను, మిగతా రోజులు వీరయ్య గారి ఎడ్లను చూసుకునేవాణ్ణి. బండలాగుడు పోటీల్లో ఆయన జతను తోలింది కూడా నేనే.

మా వైపు తిరునాళ్ల అంటే బండలాగుడు ఉండాల్సిందే. జోడెడ్లకు పెద్ద బండరాయి కట్టి వదులుతారు. ఇరవై నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగితే అంత. తోలేవాళ్లు కర్రతో బాదుతారు, చెర్నాకోల ఝళిపిస్తారు, తోక మెలిపెడతారు. కొసన మేకు దిగ్గొట్టిన ముల్లుకర్ర మాత్రం వాడకూడదని కమిటీలు ముందే చెబుతాయి. నాకు అసలు కర్రే ఉండదు. ఒట్టి చేతులతో ఎడ్ల వెనక నడుస్తూ, అవసరమైన చోట "హో... పదరా నాయనా" అని ఒక్క కేక వేస్తాను. అందుకే నన్ను మూడు మండలాల్లో గొంతు శౌరి అంటారు. నాకు పొలం లేదు, చదువు లేదు. ఆ పేరొక్కటే ఉండేది.

ఆ పేరుకు తగ్గ గొంతు రెండేళ్లుగా తగ్గిపోతూ వచ్చింది. ఇరవై ఏళ్లు మిర్చి ఘాటు పీలిస్తే ఏ గొంతు మాత్రం నిలుస్తుంది? పొద్దున లేస్తే దగ్గు, సాయంత్రానికి బొంగురు. మా ఆవిడ రాజమ్మ ఊరుకోదు.

"ఏందయ్యా, పిలిచావా? పక్కన కూసున్న నాకే ఇనపడట్లా, ఇంక ఎద్దుకేం ఇనపడుద్ది నీ కేక?"

ఆమె నవ్వులాటకే అంది. నాకు మాత్రం ఆ మాట లోపల దిగబడిపోయింది. అప్పటినుంచి ఎద్దు ఒక్క క్షణం ఆలస్యంగా కదిలినా, అది నా కేక వినలేదేమోనని గుండె జారేది.

ఈ ఏడు గురజాల వైపు ఒక ఊరి తిరునాళ్లకు పోయాం. బయలుదేరే ముందు చెప్పు అట్టలోంచి చిన్న మేకు పీకి బొడ్లో దోపుకున్నాను. వాడను, ఊరికే ఉంచుకుంటాను అనుకున్నాను. వాడనివాడు ఎందుకు పీకుతాడు?

మాకంటే ముందు నూజెండ్ల జయకర్ తోలాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. వాళ్ల నాన్నా నేనూ ఒకప్పుడు కలిసి ఎడ్లు తోలినవాళ్లం, అందుకే నన్ను బాబాయ్ అంటాడు. మూడు వేల నూట పది అడుగులు లాగించి కూర్చున్నాడు. మా జత బాగానే లాగింది కానీ, ఇంకా రెండు నిమిషాలు ఉందనగా మలుపు దగ్గర ఎడమవైపు ఎద్దు పొన్నిగాడు ఆగిపోయాడు. కేక వేశాను. నా చెవికే అది గాలి బుస లాగా వినపడింది. పొన్నిగాడు కదల్లేదు. కదల్లేదని నేను అనుకున్నాను. కుడిచేతి వేళ్ల సందున మేకు పెట్టి తోక మొదట్లో నొక్కాను. ఎద్దు ఎగిరి లాగింది. నలభై అడుగులు మాకే ఎక్కువ వచ్చాయి.

జనం ఈలలు వేస్తుంటే జయకర్ కమిటీ బల్ల దగ్గరికి పోయాడు.

"బాబాయ్ చేతిలో ఏదో మెరిసింది. నేను చూశా."

"మెరిసింది చెమటరా అబ్బాయ్," అన్నాడొక పెద్దాయన.

"చెమట మొనదేరి ఉండదు గదా మామా?"

"ఓడినోడికి ఇసకలో గూడా మేకులే కనపడతయ్!" అని ఎవరో అరిచారు. అంతా నవ్వారు.

వీరయ్య గారికి కోపం వచ్చింది. తలపాగా సర్దుకుని ముందుకొచ్చాడు. "శౌరిగాడి సంగతి నాకు తెలవదంట్రా? పాతికేళ్లు నా గొడ్ల సావిట్లో ఉన్నోడు. ఆడు కర్రే పట్టడు, మేకు పడతాడా? వీడియో ఉందిగా, ఎయ్యండి!"

వీడియో తీసింది మాచర్లలో హజ్రా బీ స్టూడియో వాళ్లు. ఆదివారం సాయంత్రం ఆ వీడియోను పెద్ద తెర మీద వేసి చూద్దామని కమిటీ తేల్చింది. మేకు ఉంటే జతకూ నాకూ మూడేళ్లు నిషేధం. లేకపోతే జయకర్ అందరి ముందూ నాకు తప్పు చెప్పుకోవాలి. బొడ్లో మేకు పొట్టకు గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున మాచర్ల బస్సెక్కాను. హజ్రా బీ భర్త ఖాసిం నాకు స్నేహితుడు. మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. ఆయన పోయాక స్టూడియో మూతపడుతుందనుకుంటే, ఆమే కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఆల్బంలు దిద్దడం నేర్చుకుంది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద నా ఫోటో. ఖాసిం తీసిందే. నా మొదటి గెలుపు రోజున రెండు చేతులూ ఎత్తి, ఖాళీ అరచేతులు జనానికి చూపిస్తున్నాను.

"ఏంది శౌరన్నా, పొద్దున్నే ఇట్టా వచ్చావు? టీ చెప్పనా?"

టీ వద్దన్నాను. బొడ్లో మేకు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేంది?"

"ఇదే చెల్లెమ్మా. జయకర్ చూసింది ఇదే."

ఆమె మేకు వైపు చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు. అప్పుడు అంది: "మా ఆయన ఆ ఫోటో చూపెట్టి, వచ్చినోళ్లందరికీ నీ కథ చెప్పేవాడన్నా."

"తుడిచెయ్యి చెల్లెమ్మా. పెళ్లికూతుళ్ల మొటిమలు తుడుస్తావు గదా. ఒక్క గీత గీస్తే పోద్ది."

"ఒక్క గీతా? ఇట్టా రా, చూపిస్తా."

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోనే ఆ వీడియో తెరిచింది. మలుపు దగ్గర, నా చెయ్యి ఎద్దు మీద ఉన్న చోట ఆపింది. పెద్దది చేసింది. వేళ్ల సందున మేకు మొన తెల్లగా కనపడుతోంది. పక్కన ఉన్న ఎద్దు చర్మాన్ని మౌస్‌తో తీసుకుని దాని మీద అద్దింది. మేకు మాయమైంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"పోయిందిగా!"

"ఆగు." వీడియో నడిపించింది. మేకు మళ్లీ వచ్చింది. ఇందాక తుడిచిన చోటే, మళ్లీ అలాగే మెరిసింది.

"అదేంది, తుడిచావుగా?"

"వీడియో అంటే ఒక ఫోటో కాదన్నా. ఒక్క సెకనుకి పాతిక ఫోటోలు. నేను తుడిచింది ఒకదాంట్లోనే. మిగతావాటిల్లో నీ మేకు అట్టాగే ఉంది."

"మొత్తం ఎన్నుంటయ్?"

"ఆరు సెకన్లు. నూట యాభై."

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మేకు నొక్కేటప్పుడు అది రెప్పపాటు పని అనుకున్నాను. ఇక్కడ నూట యాభై బొమ్మలయింది.

హజ్రా బీ ఇందాక తుడిచింది వెనక్కి తీసేసింది. "చేస్తా. నీ కోసం అనుకోబాకు. ఆ ఫోటో కోసం, మా ఆయన చెప్పిన మాట అబద్ధం గాకుండా. కానీ నువ్వు పక్కన కూసోవాలి. ఏది వేలో, ఏది మేకో, ఏది చర్మమో నాకేం తెలుసు? ఒక్కో బొమ్మలో నువ్వే చూపెట్టాలి."

ఆమె పని చేసే పద్ధతి ఇది. అసలు వీడియో కింద పొరగా ఉంటుంది. దాన్ని ముట్టుకోదు. దాని మీద ఇంకో ఖాళీ వీడియో పొర పరుస్తుంది, ఫోటో మీద అద్దం పెట్టినట్టు. దిద్దేదంతా ఆ పై పొర మీదే. ఒక బొమ్మలో దిద్దాక పక్క బొమ్మకు పోతుంది. ఇందాకటి బొమ్మ నీడ లాగా కనపడేట్టు పెట్టుకుని, దానికి సరిపోయేట్టు మళ్లీ దిద్దుతుంది. పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంది. దాన్ని నొక్కితే పై పొర కనపడకుండా పోతుంది. ఒకసారి నొక్కి చూపించింది. కింద నా చెయ్యి ఎలా ఉన్నదో అలాగే ఉంది.

"కిందది చెరిపేస్తే పోద్ది గదా?"

"చెరపను. కప్పుతానంతే. నేను నేర్చుకుంది ఇట్టాగే."

పది గంటలకు మొదలుపెట్టాం. ఎరువుల సంచీలు ఎత్తేటప్పుడు కూడా నేనంత అలసిపోలేదు. "ఇక్కడ" అంటాను, ఆమె అద్దుతుంది. "ఇక్కడ" అంటాను, అద్దుతుంది. నా చెయ్యిని నేను ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. కాయలు కాచిన వేళ్లు, బొటనవేలి మీద కొడవలి మచ్చ. మనిషి మొహాన్నైనా మర్చిపోతాడేమో గానీ అలాంటి చేతిని మర్చిపోడు. ఒక్కో బొమ్మకు ఆ చెయ్యి వెంట్రుక వాసి ముందుకు జరుగుతోంది. ఎద్దు దగ్గరికి పోతోంది. ఆపుదామంటే నా వల్ల కాదు. అయిపోయిన పని అది.

కేక వేసిన చోటు నుంచే మొదలుపెట్టమని నేనే అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. మొదటి బొమ్మల్లో నా నోరు తెరుచుకుని ఉంది. శబ్దం లేదు. మెడ నరాలు తేలి ఉన్నాయి. నలభయ్యో బొమ్మ దగ్గర, పొన్నిగాడి ఎడమ చెవి వెనక్కి తిరిగింది. నా వైపుకు. తర్వాత బొమ్మలో ఇంకొంచెం తిరిగింది. నలభై ఎనిమిదిలో ముందు కాలి గిట్ట నేల వదిలింది. యాభైలో మెడ కాడికి ఆనింది. యాభై మూడులో గిట్ట కింద బెత్తెడు ఎడం కనపడింది.

మేకు తగిలింది యాభై ఏడులో.

"ఏందన్నా, ఆగిపోయావు? ఎక్కడ చెప్పు."

"ఒకసారి వెనక్కి పో చెల్లెమ్మా."

పోయింది. చెవి, గిట్ట, మెడ. మళ్లీ ముందుకు వచ్చింది. చెవి, గిట్ట, మెడ. ఆ తర్వాతే నా చెయ్యి. నేను తోలేటప్పుడు ఎద్దు వెనక ఉన్నాను. నాకు ముందు కాలు కనపడలేదు. ఎద్దుకు నా కేక వినపడింది. బొంగురు పోయిన ఆ కేకకే అడుగు ఎత్తింది. ఎత్తిన అడుగు కింద పెట్టేలోపు పొడిచాను.

"ఏమైంది?" అంది హజ్రా బీ.

"ఏం లేదు. ఇక్కడ. చిటికెన వేలు పక్కన."

ఆమెకు చెప్పలేకపోయాను. మిగతా తొంభై మూడు బొమ్మలకూ "ఇక్కడ, ఇక్కడ" అంటూనే ఉన్నాను. చివర్లో తెల్లటి చర్మం మీద ఆవగింజంత ఎర్రటి చుక్క వచ్చింది. దాన్ని కూడా చూపించాను. ఆమె దాన్ని కూడా కప్పింది. సాయంత్రం మసీదులో నమాజు పిలుపు వినపడితే కంప్యూటర్ ముందు నుంచి లేచింది. వెళ్తూ బల్ల మీద మేకు తీసి నా చేతిలో పెట్టింది. "నా దగ్గర ఉంచబాకు," అంది.

ఆదివారం పొద్దున చర్చికి పోయాం. రొట్టె, ద్రాక్షరసం పంచుతున్నారు. లోపల తప్పు దాచుకున్నవాడు అవి ముట్టకూడదంటారు. పళ్లెం నా దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కకు అందించాను. రాజమ్మ వంగి చూసింది.

"ఒంట్లో బాలేదా?" అంది.

"దగ్గు," అన్నాను.

సాయంత్రం తిరునాళ్ల ఊరి బడి ఆవరణలో తెర కట్టారు. మూడొందల మంది దాకా ఉన్నారు. మామూలుగా ఒకసారి నడిపించారు. జయకర్ లేచి, "నిదానంగా ఎయ్యండి," అన్నాడు. నిదానంగా వేశారు. నా చెయ్యి తెర మీద గోడంత పెద్దదయింది. వేళ్ల సందున ఏమీ లేదు. ఎద్దు చర్మం నున్నగా, తెల్లగా ఉంది. జయకర్ తెర దగ్గరికంటా పోయి చూశాడు. అతని నీడ నా చేతి మీద పడింది.

"ఏరా, దొరికిందా మేకు?" అన్నారెవరో.

"మాచర్ల పోయి కళ్లజోడు కొనుక్కో అబ్బాయ్!"

"గొంతు శౌరి మీద నింద ఏస్తావా? నోరు పడిపోద్ది!"

జయకర్ మొహం నల్లబడింది. భుజం మీద తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్, తప్పయిపోయింది. నా కళ్లే నన్ను మోసం చేసినయ్. మా నాయన లాంటోడివి, మనసులో పెట్టుకోబాకు."

అని వంగి నా కాళ్లు పట్టుకున్నాడు. నేను అతన్ని లేపాలి. లేపాను. ఏ చేత్తో లేపాను? ఆ కుడిచేత్తోనే. చెప్పెయ్యాలని గొంతు దాకా వచ్చింది. మూడొందల మంది చప్పట్లు కొట్టారు. వీరయ్య గారు శాలువా తెచ్చి నా భుజాన కప్పాడు. నేను నోరు మూసుకుని కప్పించుకున్నాను. నా బతుకులో అంతకంటే సిగ్గుమాలిన నిమిషం లేదు. మేకు నొక్కినప్పుడు భయంతో నొక్కాను. ఇక్కడ నాకు ఏ భయం ఉంది? ఒక్క మాట చాలు. అనలేదు.

సోమవారం పొద్దున సావిట్లో పొన్నిగాడిని కడగడానికి పోయాను. వెనకనుంచి చెయ్యి వెయ్యగానే తోక మొదట్లో చర్మం జలదరించింది. ఈగ వాలితే వణికినట్టు. బకెట్టు అక్కడే పెట్టేసి మాచర్ల బస్సెక్కాను.

హజ్రా బీ కంప్యూటర్ ముందే ఉంది.

"ఆ కన్ను నొక్కు చెల్లెమ్మా. పై పొర తీసేసి నా ఫోన్లో ఎయ్యి."

"తీసే ఉంచా," అంది. "ఆదివారం నేనూ వచ్చా అన్నా, ఆడోళ్ల వైపు నిలబడ్డా. ఆ అబ్బాయి నీ కాళ్లు పట్టుకోవటం చూశా. ఇంటికి పోయి అన్నం తినలా. నేను చేసిన పని గూడా అది."

వినుకొండలో బస్సు మారి, నూజెండ్లలో దిగి, జయకర్ ఇల్లు అడుక్కుంటూ పోయాను. అతను గడ్డి కత్తిరించే మిషన్ దగ్గర ఉన్నాడు. నన్ను చూసి కంగారుగా చేతులు తుడుచుకున్నాడు.

"బాబాయ్! నువ్వు ఇంతదూరం... కబురు పంపితే నేనే వచ్చేవాణ్ణి గదా. అన్నం తిన్నావా?"

"ముందు ఇది చూడరా."

నులకమంచం మీద కూర్చుని ఫోన్ తీసుకున్నాడు. ఒకసారి చూశాడు. మేకు కనపడగానే అతని వేలు ఆగింది. బూతు తిడతాడని, మొహాన ఉమ్ముతాడని ఎదురుచూశాను. అలా చేస్తే బాగుండునని కూడా అనిపించింది. అతను వీడియోను వేలితో వెనక్కి లాగి, నిదానంగా ముందుకు జరిపాడు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకు. తోలేవాడి కళ్లు అతనివి. నాకు తెలిసిపోయింది, అతను మేకును చూడటం లేదు.

"బాబాయ్."

"ఊఁ."

"నువ్వు కేక ఎయ్యంగానే ఎద్దు చెవి తిప్పింది. కాలు గూడా ఎత్తింది. మేకు ఆ తర్వాత గదా?"

"అవునురా."

"మరి పోయేదాన్ని ఎందుకు పొడిచావు?"

"గొంతు పోయిందనుకున్నా," అన్నాను. ఆ మాట కూడా బొంగురుగానే వచ్చింది.

అతను ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నేను ఎవరికీ చెప్పను. చెప్పినా ఇంక నా మాట ఎవడూ నమ్మడు, నువ్వు అట్టా చేశావు. నువ్వే పో."

పోయాను. కమిటీ వాళ్ల ముందు ఫోన్ పెట్టి చెప్పాను. దిద్దించింది నేనేనని, అడిగి చేయించుకున్నానని చెప్పాను. ఎవరి చేత దిద్దించానో చెప్పాల్సిన పని లేకపోయింది. హజ్రా బీయే వచ్చి చెప్పింది. వచ్చే ఏడు వీడియో పని ఆమెకు ఇచ్చేది లేదన్నారు. మొదటి బహుమతి జయకర్ జతకు పోయింది. జతకూ నాకూ మూడేళ్లు నిషేధం వేశారు. శాలువా మడతపెట్టి బల్ల మీద పెట్టి వచ్చాను.

వీరయ్య గారు తిట్టలేదు. గేటు దగ్గర నిలబడి ఒక్క మాట అన్నాడు.

"మేకు కొట్టావని కాదురా శౌరీ. కొట్టినోళ్లని చానామందిని చూశా. నీకు పూచీ నిలబడ్డాన్రా నేను, అంతమందిలో. ఇంక నువ్వు సావిట్లోకి రాబాకు."

ఇప్పుడు ఏడాదంతా మూటలే మోస్తున్నాను. పనికి పోయే దారి వీరయ్య గారి సావిడి పక్కనుంచే. పొన్నిగాడు కంచె దగ్గర కట్టేసి ఉంటాడు. నిన్న కూడా ఉన్నాడు. అడుగుల చప్పుడు కాకుండా, గట్టుకు అవతలగా తల వంచుకుని పోయాను. పిలిస్తే చెవి తిప్పుతాడు. నాకు తెలుసు. అందుకే పిలవలేదు.